బాగున్న స్టడ్డును పారేయడం

పంచరు షాపు కుర్రాడు వీల్ పానా మీదకెక్కి నిలబడి, ఒకసారి ఊగి దిగితే మనకు ధైర్యం వస్తుంది. రావులపాలెం దగ్గరైనా, తాడేపల్లిగూడెం బైపాస్ మీదైనా ఇదే వరస. "గట్టిగా బిగించావా?" అని అడుగుతాం. "ఇంక ఊడదండి" అంటాడు. ఆ మాట నిజమే, ఆ రోజుకి ఊడదు. నట్టు లోపల ఉన్న స్టడ్డుకి ఏమైందో మాత్రం అతనూ చూడలేదు, మనమూ చూడలేదు.

లెక్క వేద్దాం. కుర్రాడి బరువు 60 కిలోలు, అతని కాలు నట్టుకి 40 సెంటీమీటర్ల దూరంలో పడింది అనుకుంటే నట్టు మీద పడే టార్క్ సుమారు 235 న్యూటన్ మీటర్లు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి మాన్యువల్‌లో రాసి ఉండేది 85కీ 120కీ మధ్య. అంటే కావలసినదానికి రెట్టింపు, ఒక్కోసారి రెట్టింపు కంటే ఎక్కువ. ఆఫీసుకీ, పెళ్ళిళ్ళకీ, సంక్రాంతికి అత్తారింటికీ తిరిగే కారు దీన్ని ఏళ్ళ తరబడి క్షమిస్తుంది. అదే కారును మద్రాసు ట్రాక్ మీదకు తీసుకెళ్ళాలనుకుంటే కథ మారుతుంది.

మన జిల్లాల్లో రేస్ ట్రాక్ లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్లు తిరిగాయి కానీ, అది బారికేడ్లు కట్టి మూసిన నగర వీధి. మన స్విఫ్టునో, ఐ20నో తీసుకెళ్ళి నేర్చుకునే చోటు కాదు. అందుకే కాకినాడ, రాజమండ్రి, భీమవరం కుర్రాళ్ళలో సరదా ఉన్నవాళ్ళు దక్షిణానికే పోతారు. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారి ట్రాక్ 1990 నుంచి ఉంది, ఒక చుట్టు 3.717 కిలోమీటర్లు. ఇంకొంచెం దూరం పోతే కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే. రాజమండ్రి నుంచి చెన్నై దాదాపు 600 కిలోమీటర్లు. కారును లారీ మీద ఎక్కించి పంపే స్తోమత చాలామందికి ఉండదు. నడుపుకుంటూ వెళ్ళి, ట్రాక్ మీద తోలి, మళ్ళీ అదే చక్రాల మీద ఇంటికి రావాలి. ఈ అధ్యాయం వాళ్ళ కోసం. కాలవ గట్టు రోడ్డునీ, 216 జాతీయ రహదారినీ ట్రాక్ అనుకునేవాళ్ళకి ఇందులో ఏమీ లేదు.

స్టడ్డు చక్రాన్ని మోస్తుందని చాలామంది అనుకుంటారు. చక్రాన్ని పట్టి ఉంచేది రాపిడి. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద నట్టును 100 న్యూటన్ మీటర్లకి బిగిస్తే, మరలు శుభ్రంగా పొడిగా ఉంటే, స్టడ్డు లోపల పుట్టే లాగుడు దాదాపు నాలుగు టన్నులు. నాలుగు స్టడ్లకి కలిపి పదహారు టన్నుల పైమాటే. ఆ బలంతో చక్రం హబ్ ముఖానికి అతుక్కుంటుంది. ఆ రెండు లోహాల మధ్య రాపిడి అందులో ఏడో వంతు అనుకున్నా రెండు టన్నులకు పైగా పక్క బలాన్ని ఆపగలదు. గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు చిన్న కారు ముందు చక్రం మీద పడే బలాన్ని ఆపేదీ ఈ రాపిడే. అంటే అంతా సరిగ్గా ఉన్నంతసేపూ స్టడ్డు చేయాల్సిన పని ఒక్కటే: సాగిన స్థితిలో అలాగే ఉండడం.

అది ఎంత సాగుతుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. హబ్‌కీ నట్టుకీ మధ్య బిగిసి ఉండే పొడవు రెండు మూడు సెంటీమీటర్లు. ఆ ఉక్కు నాలుగు టన్నుల లాగుడుకి సాగేది మిల్లీమీటర్‌లో పదో వంతు కూడా ఉండదు. మనం చక్రం అంటున్నదంతా ఆ కొంచెం సాగుడు మీదే నిలబడి ఉంది. ఇప్పుడు హబ్ ముఖం మీద పొరలు కట్టిన తుప్పును ఊహించండి. లేదా అల్లాయ్ వీల్‌కి కొత్తగా కొట్టించిన పెయింటు, అదీ నట్టు కూర్చునే గుంటలో. ఆ పొర మందం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. వేడికి అది నలిగిపోతే స్టడ్డు సాగుడంతా పోయినట్టే. నట్టు ఒక్క పిసరు కూడా తిరగకుండానే బిగుతు పోతుంది. "బిగించాం కదా, ఎలా వదులైంది?" అని తల పట్టుకునేవాళ్ళ చక్రం విప్పి చూస్తే చాలాసార్లు దొరికేది ఇదే.

బిగుతు తగ్గాక ఏం జరుగుతుందో జర్మన్ ఇంజనీరు గెర్‌హార్డ్ యుంకర్ 1969లో ప్రయోగం చేసి చూపించాడు. బోల్టు మీద నిలువుగా వచ్చే అదురు కంటే, బిగించిన రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి పక్కకి జారడం నట్టును వేగంగా విప్పుతుంది. ట్రాక్ మీద ప్రతి మలుపూ, ప్రతి బ్రేకూ చక్రాన్ని పక్కకి జార్చాలనే చూస్తాయి. జారనివ్వకుండా ఆపేది ఆ రాపిడి. అది చాలకపోతే రెండు పనులు ఒకేసారి మొదలవుతాయి: నట్టు కదలడం, స్టడ్డు వంగడం. స్టడ్డు వంగేది ఒక్కసారి కాదు. మలుపులో టైరు మీద పడే పక్క బలం పైనున్న స్టడ్డుని ఒక రకంగా, కిందున్నదాన్ని ఇంకో రకంగా లాగుతుంది. అర చుట్టు తిరిగేసరికి వాటి స్థానాలు మారతాయి. 15 అంగుళాల టైరున్న హ్యాచ్‌బ్యాక్ మద్రాసు ట్రాక్ ఒక్క చుట్టు తిరిగేసరికి చక్రం దాదాపు 1,900 సార్లు తిరుగుతుంది. అన్నిసార్లూ ఆ ఉక్కు అటూ ఇటూ వంగుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో రైలు ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో పరిశీలించిన ఆగస్ట్ వోలర్ కనుక్కున్నదీ ఇదే. ఒక్కసారిగా మోయగలిగిన బరువులో కొంత భాగానికే, లక్షలసార్లు వేస్తే ఉక్కు విరుగుతుంది.

అలా విరిగిన స్టడ్డు ముఖం చేతిలోకి తీసుకుని చూడండి. ఒక అంచు నుంచి మొదలై లోపలికి పోయే నున్నటి వంపు గీతలు ఆలిచిప్ప మీద గీతల్లా వరసగా కనిపిస్తాయి, చివర కొంచెం మేర మాత్రం గరుకుగా ఉంటుంది. నున్నటి భాగమంతా నెమ్మదిగా పాకిన పగులు. గరుకు భాగం ఆ ఒక్క క్షణంలో తెగినది. నున్నటిది ఎంత ఎక్కువుంటే అది అంతకాలం నుంచి పగిలి ఉన్నట్టు, మనం అంతకాలం దాని మీద తిరిగినట్టు.

ఇక్కడే అసలు చిక్కు. "బాగానే ఉన్నాయి కదండీ, ఎందుకండీ మార్చడం? డబ్బులు దండగ" అంటాడు మెకానిక్, మన మేలు కోరే అంటాడు. ఇంట్లో పెద్దాయన కూడా అదే అంటాడు. పని చేస్తున్న వస్తువును పారేయడం మన దగ్గర తప్పు కింద లెక్క. ఫ్యాను తిరగడం మానేదాకా తిరుగుతుంది, సైకిలు ముక్కలయ్యేదాకా నడుస్తుంది, మోటారు రెండు మూడుసార్లు వైండింగ్ చేయించుకుంటుంది. ఆ పొదుపు మంచిదే, దాని మీద నాకు గౌరవమే. కానీ స్టడ్డు ముందే చెప్పి పాడయ్యే వస్తువు కాదు. పగులు మొదలయ్యేది మర అడుగున, అదీ చాలాసార్లు హబ్‌లోకి దిగే చోట, కంటికి ఆనని చోట. బ్రేకు ప్యాడు అరిగితే కీచుమంటుంది, టైరు అరిగితే కనిపిస్తుంది. స్టడ్డు తెగే ముందు రోజు కూడా కొత్తదానిలాగే ఉంటుంది. కాబట్టి దాన్ని చూసి నిర్ణయించే పని పెట్టుకోకూడదు. క్యాలెండర్ చూసి నిర్ణయించాలి.

నేను పాటించేదీ, అడిగినవాళ్ళకి చెప్పేదీ ఇది. వాడిన కారును ట్రాక్‌కి సిద్ధం చేస్తుంటే ముందు నాలుగు చక్రాల స్టడ్లూ, నట్లూ మొత్తం మార్చేయాలి. ఎందుకంటే దాని చరిత్ర మీకు తెలియదు. ఎన్ని పంచరు షాపుల్లో ఎంతమంది దాని మీద ఎక్కి నిలబడ్డారో పాత యజమాని కూడా చెప్పలేడు. ఆ తర్వాత ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారైతే ముందు చక్రాలవి ఏడాదికోసారి, లేదా వీల్ బేరింగ్ మార్చినప్పుడల్లా, ఏది ముందైతే అది. వెనక చక్రాలవి రెండేళ్ళు ఆగొచ్చు. బ్రేకు భారంలో పెద్ద వాటా, ఇంజన్ లాగుడు, స్టీరింగ్ మూడూ ముందు చక్రాల మీదే ఉంటాయి కాబట్టి ఈ తేడా. ఎప్పుడైనా ఒక స్టడ్డు తెగినా, ఒక నట్టు వదులై దొరికినా ఆ హబ్ మీదివన్నీ మార్చాలి. తెగినదాని బరువును పక్కవి అప్పటికే మోసేశాయి. నాలుగు స్టడ్లున్న చక్రానికి ఒకటి పోవడమంటే బిగుతులో పావు వంతు పోవడం.

డెల్టాలో కారుకి ఇంకో బాధ ఉంది. భీమవరం, నరసాపురం, అంతర్వేది వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండి కింద ఒకసారి దూరి చూస్తే తెలుస్తుంది. ఉప్పునీటి చెమ్మ, ఉప్పు బురద, ఆపైన వానాకాలం. హబ్ ముఖం ఎర్రగా పెచ్చులు కట్టి ఉంటుంది, స్టడ్డు మొదట్లో చిన్న చిన్న గుంటలు పడి ఉంటాయి. ఒక్కో గుంట ఒక పగులుకి పుట్టిల్లు. అలాంటి కారుకి పైన చెప్పిన గడువులన్నీ సగానికి కోసెయ్యండి.

కొనేటప్పుడు పాత స్టడ్డు ఒకటి జేబులో వేసుకుని వెళ్ళండి. కంపెనీ విడిభాగాల కొట్టులో కారు నంబరుతో తెప్పించుకోవడం మొదటి దారి. ట్రాక్ కోసం పొడవాటివి కావాలంటే విజయవాడ ఆటోనగర్‌లోనో, బయట నుంచి తెప్పించో కొనాలి. చూడాల్సినవి నాలుగు కొలతలు: మర వ్యాసం, మర పిచ్, హబ్‌లో దిగబడే పళ్ళ భాగం వ్యాసం, మొత్తం పొడవు. మారుతి స్విఫ్టుది ఎం12, పిచ్ 1.25. హోండా, టయోటా, హ్యుందాయ్ చిన్న కార్లవి ఎం12 అయినా పిచ్ 1.5. ఒకదాని నట్టు ఇంకోదాని మీద ఒకటి రెండు చుట్లు తిరిగి పట్టేస్తుంది. అక్కడ ఇంపాక్ట్ గన్ను పెట్టి బలవంతం చేస్తే రెండింటి మరలూ పోతాయి. పళ్ళ భాగం వ్యాసం మిల్లీమీటర్‌లో పదో వంతు తేడా ఉన్నా లెక్కలోకి వస్తుంది; సన్నదైతే స్టడ్డు హబ్‌లోనే గిర్రున తిరుగుతుంది, లావుదైతే హబ్ అంచు పగలొచ్చు. వెర్నియర్ తీసుకెళ్ళడానికి మొహమాటపడకండి.

తల మీద 10.9 అని ఉందో లేదో చూడండి. మొదటి అంకె తెగే బలం, అంటే మెగాపాస్కల్స్‌లో సుమారు వెయ్యి; రెండోది అందులో ఎన్నో వంతు దగ్గర ఉక్కు శాశ్వతంగా సాగడం మొదలెడుతుందో చెబుతుంది. 12.9 ఇంకా మంచిదేగా అనిపిస్తుంది. గట్టిదనం పెరిగేకొద్దీ ఉక్కు పెళుసుబారుతుంది. మెరుపు పూత వేసేటప్పుడు, ఉప్పు చెమ్మ తగిలినప్పుడు లోపలికి చేరే హైడ్రోజన్ అలాంటి ఉక్కును చెప్పాపెట్టకుండా పగలగొడుతుంది. ఎవరు చేశారో తెలియని 12.9 కంటే పేరున్న కంపెనీ 10.9 మేలు.

లేత్ మీద చేయించుకుంటానంటే మాత్రం ఒప్పుకోను. మన లేత్ మేస్త్రీల మీద నాకు అపారమైన నమ్మకం. రైస్ మిల్లు షాఫ్టు, పంపు బుష్షు, హార్వెస్టర్ విడిభాగం ఏదైనా దాళ్వా కోతల మధ్యలో రాత్రికి రాత్రి చేసిస్తారు. అయినా ఫ్యాక్టరీ స్టడ్డు మర కోసి చేసింది కాదు, రోలర్ల మధ్య నొక్కి చేసింది. ఆ నొక్కుడు వల్ల మర అడుగు బిగుసుకుని ఉంటుంది, పగులు అంత సులువుగా పుట్టదు. కత్తితో కోసిన మర అడుగున సన్నటి గాటు మిగులుతుంది. ఆ గాటుని చక్రం తిరిగిన ప్రతిసారీ తెరుస్తూ మూస్తూ ఉంటాం.

నట్టు గురించి కొంచెమే. నట్టు కూర్చునే ముఖం, చక్రంలో గుంట ఆకారం ఒకటే అయి ఉండాలి. హోండా అసలు చక్రాలకి గుండ్రటి ముఖం ఉంటుంది, బయట కొన్న అల్లాయ్‌లకి చాలావాటికి 60 డిగ్రీల కోను. గుండ్రటి నట్టును కోను గుంటలో పెడితే సన్నటి గీత మీదే ఆనుతుంది. ట్రాక్ కారుకి రెండు వైపులా తెరిచి ఉన్న ఉక్కు నట్లు వాడండి. మర చివర బయటికి కనిపిస్తే లోపల ఎంత పట్టిందో తెలుస్తుంది. కనీసం స్టడ్డు వ్యాసమంత పొడవు నట్టులో పట్టాలి: 1.5 పిచ్‌కి ఎనిమిది చుట్లు, 1.25కి తొమ్మిదిన్నర దాకా. స్పేసర్ వేసిన కార్లలో పొడవాటి స్టడ్లు తప్పనిసరయ్యేది ఇందుకే. రంగు రంగుల అల్యూమినియం నట్లు ఫోటోలకి బాగుంటాయి.

ఇక పని. నట్లు కొంచెం వదులు చేశాకే జాకీ ఎత్తాలి, జాకీని నమ్మకుండా స్టాండ్లు పెట్టాలి. చక్రం తీశాక కాలిపర్ విప్పి, హోసు మీద వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకి కట్టాలి. డిస్కు తుప్పుకి పట్టేసి ఉంటే సుత్తి తీయొద్దు. చాలా కార్ల డిస్కులకి రెండు మర కన్నాలుంటాయి, అందులో ఎం8 బోల్టులు బిగిస్తూ పోతే అదే బయటికొస్తుంది. డిస్కు పోయాక స్టడ్డు తలలు హబ్ వెనక కనిపిస్తాయి. హబ్‌ని తిప్పుతూ వెనక ఖాళీ ఎక్కడ ఉందో వెతకాలి. కొన్ని కార్లలో స్టడ్డు బయటికి వచ్చేంత సందు ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. కొన్ని పాత మారుతి కార్లలో వెనక స్టడ్లు డ్రమ్ములోనే ఉంటాయి. డ్రమ్మునే ప్రెస్ కిందకి తీసుకెళ్ళొచ్చు కాబట్టి అది సులువు.

మామూలు గ్యారేజీలో జరిగేది: సమ్మెటతో నాలుగు దెబ్బలు, స్టడ్డు ఊడి పడుతుంది. ఆ దెబ్బలు స్టడ్డు దగ్గర ఆగవు. వెనకున్న బేరింగ్ గోళీల మీద పడి, అవి తిరిగే దారిలో సన్నటి సొట్టలు చేస్తాయి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత 'హూ' మని మోత మొదలైతే టైరు మీద నేరం మోపుతారు. సుత్తికి బదులు సి ఆకారపు క్లాంపో, బాల్ జాయింట్ తీసే పనిముట్టో వాడితే పాతది నెమ్మదిగా బయటికొస్తుంది.

కొత్తది ఎక్కించడంలో రెండు మతాలున్నాయి. స్టడ్డును వెనక నుంచి పెట్టి, ముందు గ్రీజు రాసిన వాషర్లు వేసి, నట్టు తిప్పుతూ లోపలికి లాగడం ఒకటి. హబ్ విప్పి హైడ్రాలిక్ ప్రెస్ కింద పెట్టి తల మీద నొక్కడం రెండోది. దారిలో స్టడ్డు తెగి ఇంటికి చేరాల్సి వస్తే మొదటిది చేసుకోవచ్చు, తప్పు లేదు. అయితే పళ్ళను హబ్‌లోకి దించడానికి కావలసిన లాగుడు చాలాసార్లు చక్రం బిగించడానికి కావలసినదాన్ని మించిపోతుంది. అంటే ట్రాక్ చూడకముందే కొత్త స్టడ్డుని దాని హద్దు దాకా సాగదీశాం, మరల్ని గీరాం. ట్రాక్ కారుకి నేను ప్రెస్సే అంటాను. కాస్త పెద్ద గ్యారేజీ అయితే ప్రెస్ ఉంటుంది, లేదంటే పక్క లేత్ షాపులో ఉంటుంది. ఖర్చు పెరిగేది ఎక్కడంటే, మన హ్యాచ్‌బ్యాకుల్లో చాలావాటికి హబ్ లాగితే బేరింగ్ పాడవుతుంది, దాన్ని మళ్ళీ వాడకూడదు. అందుకే బేరింగ్ మార్పునీ, స్టడ్ల మార్పునీ ఒకే రోజుకి పెట్టుకోమన్నాను. కూలీ ఒక్కసారే పోతుంది.

నొక్కేటప్పుడు హబ్‌కి కింద ఆసరా స్టడ్డు కన్నం చుట్టూ ఉండాలి, అంచున కాదు. తల పూర్తిగా ఆనిందో లేదో సన్నటి ఫీలర్ గేజ్‌తో చూడండి. ఆకు దూరితే ఇంకా కూర్చోలేదని అర్థం. స్టడ్డు కన్నంలో వదులుగా తిరుగుతుంటే హబ్ మార్చాల్సిందే. తల వెనక రెండు వెల్డింగ్ చుక్కలు పెట్టి "సెట్టయిపోయిందండి" అనేవాళ్ళు ఉంటారు. ఆ వేడికి ఉక్కు పదును పోతుంది. అక్కడి నుంచి కారు తోసుకుని అయినా వచ్చేయండి.

చక్రం ఎక్కించే ముందు హబ్ ముఖాన్నీ, చక్రం వెనక ముఖాన్నీ వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా రుద్దాలి. ఆ ముఖాల మీద గ్రీజు, పెయింటు ఏదీ వద్దు. నడిమి బొడ్డు మీద పల్చగా పూత చాలు, చక్రం పట్టేయకుండా. మరలకి ఆయిల్ రాయమని చాలామంది చెబుతారు. టార్క్ అంకె ఇచ్చేది పొడి మరలకి. ఆయిల్ రాసి అదే అంకెకి బిగిస్తే రాపిడి తగ్గి, నాలుగు టన్నులు రావలసిన చోట ఆరు దాకా వస్తుంది. తక్కువ గ్రేడు స్టడ్డు అక్కడికే శాశ్వతంగా సాగడం మొదలెడుతుంది. కంపెనీ రాయమంటే రాయండి, లేకపోతే లేదు.

నట్లన్నీ ముందు చేత్తోనే చివరిదాకా తిరగాలి. తిరగకపోతే ఆగి, ఎందుకో చూడాలి. ఎదురెదురు వరసలో సగం టార్క్‌కి ఒకసారి, బండి నేల మీద దించాక పూర్తి అంకెకి ఒకసారి. టార్క్ రెంచ్ క్లిక్ మనగానే ఆపండి. ఇంకో రెండు క్లిక్కులు "భద్రత కోసం" అనుకుంటే చెయ్యి ఊరుకోదు, ప్రతిసారీ కొంచెం కొంచెం ఎక్కుతుంది. గన్ను విప్పడానికి వాడుకోండి, బిగించడానికి వద్దు. టార్క్ రెంచ్‌ని పని అయ్యాక అతి తక్కువ అంకెకి తిప్పి పెట్టెలో పెట్టాలి. బండి డిక్కీలో జాకీతో కలిపి దొర్లించకూడదు. అసలు ఈ పనిముట్టు వాడటానికి మనవాళ్ళకి అడ్డొచ్చేది ధర కాదు, చేతిబలం మీద గర్వం. బిగువు చేతికి తెలుస్తుందంటారు. చేతికి తెలిసేది నట్టు ఎంత మొరాయిస్తోందో మాత్రమే. తుప్పు పట్టిన నట్టూ మొరాయిస్తుంది.

బిగించాక నట్టు నుంచి చక్రం మీదకి పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. నట్టు కదిలితే గీత విరుగుతుంది, దూరం నుంచే కనిపిస్తుంది. కొత్త స్టడ్లు పడ్డాక వంద కిలోమీటర్లు మామూలుగా తిరిగి మళ్ళీ టార్క్ చూడాలి, పళ్ళు ఇంకొంచెం కూర్చుంటాయి. చెన్నై ప్రయాణానికి ఈ పని ముందు రోజు చేయించుకుని బయల్దేరకండి.

ట్రాక్ దగ్గర ఒక సంగతి. సెషన్ అయ్యాక డిస్కు వందల డిగ్రీల వేడిలో ఉంటుంది. అల్యూమినియం ఉక్కుకి దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, కాబట్టి వేడి చక్రం స్టడ్డుని ఇంకా సాగదీసి పట్టుకుని ఉంటుంది. ఆ సమయంలో టార్క్ చూస్తే అంతా బిగువుగానే ఉన్నట్టు అనిపిస్తుంది, చల్లారాక బయటపడుతుంది అసలు సంగతి. చెయ్యి ఆనించగలిగేంత చల్లారనివ్వండి, అప్పుడు చూడండి. హ్యాండ్‌బ్రేకు లాగొద్దు, చక్రాలకి అడ్డం పెట్టండి. ప్లాస్టిక్ హబ్ రింగులుంటే అక్కడే కరిగి అతుక్కుని కనిపిస్తాయి; బయల్దేరకముందే అల్యూమినియంవి వేసుకోవాలి. ఇంటికి తిరుగు ప్రయాణానికి ముందు టార్క్ ఇంకొకసారి. అలసటలో అందరూ వదిలేసేది ఇదే, ఆ తర్వాతే రాత్రిపూట లారీల మధ్య 600 కిలోమీటర్లు.

ఊడిన చక్రం ముందుగా కొట్టేది డ్రైవర్ని కాకపోవచ్చు. 2000లో మోంజాలో, 2001లో మెల్‌బోర్న్‌లో ఫార్ములా వన్ పోటీల్లో విడిపోయిన చక్రాలు తగిలి ఒక్కో మార్షల్ చనిపోయారు. అవి ఢీకొన్న కార్ల నుంచి ఊడిన చక్రాలు, అప్పటికే వాటిని తాళ్ళతో కట్టాలన్న నిబంధన కూడా ఉంది. మన కార్లకి ఆ తాళ్ళు కూడా ఉండవు. మలుపు పక్కన జెండా పట్టుకుని నిలబడే మనిషి మన నట్ల మీద పెట్టిన నమ్మకం చాలా పెద్దది.

పోలో ఉన్నవాళ్ళకి ఈ అధ్యాయం సగమే వర్తిస్తుంది. 2010లో మొదలైన పోలో కప్ పుణ్యమా అని ఆ కారంటే ట్రాక్ వాళ్ళకి మోజు. దానికి స్టడ్లుండవు; ఎం14 బోల్టులు నేరుగా హబ్ మరలోకి వెళతాయి, 120 న్యూటన్ మీటర్లకి బిగించాలి. బోల్టులు మార్చడం ఐదు నిమిషాల పని, ఏడాదికోసారి మార్చేయండి. చక్రాలు తరచూ విప్పితే అరిగేది హబ్ లోపలి మర, అదే అసలు ఖర్చు. అందుకే కొందరు మరలో దిగే స్టడ్లు వేసుకుంటారు. వేస్తే మర లోతంతా దిగేలా, థ్రెడ్ లాకర్ రాసి, వెనక ఏమీ తగలకుండా చూసి వేయాలి.

చివరిగా పాత స్టడ్ల సంగతి. తీసినవాటిని గ్యారేజీలో వదిలి రాకండి. బెంచీ మీదున్న డబ్బాలో పడి, నెల తర్వాత ఎవరి కారుకో స్టడ్డు తెగినప్పుడు "ఇదుగో, బాగానే ఉంది" అని బయటికొస్తాయి. రంపం పెట్టి మర మధ్యలో కోసేసి, ముక్కల్ని పాతసామాన్ల వాడికి వేయండి. నట్లకి కూడా అంతే.